బానిసత్వాన్ని రద్దు చేయించినవాడి విగ్రహం బానిసల మనవళ్లకే ఎందుకు కంటగింపైంది?

కరీబియన్ సముద్రంలో ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న చిన్న దీవి మార్టినిక్. దాని రాజధాని ఫోర్-ద్-ఫ్రాన్స్‌ను ఆనుకుని, పడమటి తీరాన షెల్షేర్ అనే పట్టణం ఉంది. పాత పేరు కాస్-నవీర్. 1880ల చివర్లో దానికి విక్టర్ షెల్షేర్ పేరు పెట్టారు. ఫ్రెంచి వలసరాజ్యాల్లో బానిసత్వాన్ని రద్దు చేసిన 1848 నాటి డిక్రీ, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, వెనకున్న మనిషి ఈయనే. ఊరికి పేరు పెట్టేనాటికి ఆయన ఇంకా బతికే ఉన్నాడు.

2020 మే 22న ఆ ఊళ్లోని ఆయన విగ్రహాన్ని పడగొట్టారు. అదే రోజు ఫోర్-ద్-ఫ్రాన్స్‌లో పాత కోర్టు భవనం ముందు 1904 నుంచీ నిలబడి ఉన్న పాలరాతి విగ్రహాన్నీ నేలకూల్చి ముక్కలు చేశారు. చేసింది బానిస యజమానుల వారసులు కాదు, బానిసల వారసులు. నల్లజాతి యువతీ యువకులు పట్టపగలు, వీడియోలు తీసుకుంటూ మరీ చేశారు. షెల్షేర్ మా రక్షకుడు కాదని తేల్చి చెప్పారు.

అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుణ్ని పోలీసు చంపిన తర్వాత ఊరూరా విగ్రహాలు కూలాయి కదా, ఇదీ ఆ గాలే అనుకున్నవాళ్లు చాలామంది. కాదు. ఫ్లాయిడ్ చనిపోయింది మే 25న. మార్టినిక్ విగ్రహాలు అంతకు మూడు రోజుల ముందే పడ్డాయి. ఈ తగవు ఆ దీవిలోనే పుట్టి, అక్కడే పెరిగింది. వయసు దాదాపు నూట డెబ్భై ఏళ్లు.

షెల్షేర్ మంచివాడా చెడ్డవాడా అని అడిగితే ఈ తగవు అర్థం కాదు. ఆయన మంచివాడే. స్వేచ్ఛ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ఆ రాయి చెప్పిన తీరు మీద గొడవంతా.

పింగాణీ వ్యాపారి కొడుకు

షెల్షేర్ 1804లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి మార్క్‌ది అల్సాస్ ప్రాంతంలోని ఫెసెన్‌హైమ్. పారిస్‌లో పింగాణీ సామాను తయారుచేసే వ్యాపారం. 1828లో ఆ సరుకు అమ్మకం పని మీదే కొడుకు మెక్సికో, క్యూబా, అమెరికా వెళ్లాడు. క్యూబాలో మనుషుల్ని వేలం వేయడం కళ్లారా చూశాడు. తిరిగొచ్చి బానిసత్వం మీద రాయడం మొదలుపెట్టాడు.

అయితే ఆ తొలి రాతలు ఇవాళ చదివితే ఆయన అభిమానులకే ఇబ్బందిగా ఉంటుంది. 1833లో తెచ్చిన పుస్తకంలో బానిసత్వం ఘోరమంటూనే, ఒక్కసారిగా తీసేయకూడదు, మెల్లమెల్లగా దశలవారీగా చేయాలన్నాడు. బానిసలు స్వేచ్ఛకు ఇంకా సిద్ధంగా లేరన్నది నాటి ఉదారవాదుల్లో చాలామంది మాట. ఆయనా అందులోనే ఉన్నాడు.

మనిషి మారాడు. 1840-41లో కరీబియన్ దీవులన్నీ మళ్లీ తిరిగాడు. ఇంగ్లండ్ అప్పటికే తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది కాబట్టి, రద్దయిన చోటా రద్దవని చోటా తోటలు ఎలా నడుస్తున్నాయో పక్కపక్కన పెట్టి చూసే వీలు కలిగింది. బానిసలే తిరగబడి స్వతంత్రం తెచ్చుకున్న హైతీకీ వెళ్లాడు. 1842లో వచ్చిన పుస్తకం పేరులోనే ‘తక్షణ రద్దు’ అన్న మాట పెట్టాడు. తొమ్మిదేళ్లలో ‘మెల్లగా’ నుంచి ‘ఇప్పుడే’ దాకా వచ్చాడన్నమాట. విగ్రహంలో ఈ మార్పు ఎక్కడా కనపడదు. పుట్టుకతోనే జ్ఞాని అయినట్టు నిలబెట్టారు.

పెళ్లి చేసుకోలేదు, దేవుణ్ని నమ్మలేదు, సంగీతమంటే ప్రాణం. తర్వాత లండన్‌లో ప్రవాసంలో ఉన్న రోజుల్లో స్వరకర్త హాండెల్ జీవితచరిత్ర కూడా రాశాడు. మన తగవుకు దాంతో పని లేదనుకోండి, కానీ రాతిబొమ్మగా మారకముందు ఈయనకు ఇలాంటి పిచ్చులూ ఉండేవని గుర్తుంచుకుంటే మంచిదే.

పారిస్‌లో డిక్రీ, సేన్-పియేర్‌లో డోలు

1848 ఫిబ్రవరిలో పారిస్‌లో విప్లవం వచ్చి రాజు పారిపోయాడు. షెల్షేర్ అప్పుడు సెనెగల్లో ఉన్నాడు. మార్చి 3న పారిస్ చేరి, నౌకాదళం, వలసల మంత్రి ఫ్రాన్స్వా అరాగోను కలిశాడు. అరాగో పేరున్న ఖగోళ శాస్త్రవేత్త. తొందరపడొద్దు, కొత్త అసెంబ్లీ ఎన్నికయ్యాక చూద్దాం అన్న ధోరణిలో ఉన్నాడు. ఆలస్యమైతే దీవులు తగలబడతాయని షెల్షేర్ వాదించి ఒప్పించాడు. మర్నాడే, మార్చి 4న, ఇకపై ఫ్రెంచి నేల ఏదీ బానిసల్ని మోయకూడదంటూ ప్రకటన వెలువడింది. రద్దు చట్టం రాసే కమిషన్‌కు షెల్షేరే అధ్యక్షుడు. ఏప్రిల్ 27న డిక్రీ మీద సంతకాలయ్యాయి.

ఆ డిక్రీ మొదటి నిబంధనలోనే మెలిక ఉంది. ఏ వలసలోనైనా డిక్రీని ప్రకటించిన రెండు నెలల తర్వాత బానిసత్వం పూర్తిగా రద్దవుతుందన్నారు. ఆ రెండు నెలలు చెరుకు కోత ముగియడానికి. అంటే పంట నష్టపోకుండా చూసుకుని ఆ తర్వాత స్వేచ్ఛ ఇస్తారు. పైగా కాగితం ఓడెక్కి అట్లాంటిక్ దాటడానికి వారాలు పడుతుంది.

మార్టినిక్‌లో బానిసలు అప్పుడు డెబ్భై వేల పైచిలుకు. రాజు పోయాడన్న కబురు వాళ్లకు మార్చి ఆఖరుకే అందింది. స్వేచ్ఛ రాబోతోంది, ఓపిక పట్టండి, పని మానొద్దు అని అధికారులే దీవి జనం మాట్లాడే క్రియోల్ భాషలో ప్రకటించారు. వస్తుందని తెలిసింది, ఎప్పుడో తెలియదు. అలాంటి టెన్షన్‌లో రెండు నెలలు గడిచాయి.

మే నెలలో మార్టినిక్‌లోని సేన్-పియేర్ పట్టణం దగ్గరి ద్యుషాన్ తోటలో చిన్న గొడవ మొదలైంది. అక్కడ సాయంత్రాలు బానిసలంతా చేరి కర్రపెండలం దుంపలు తురిమేవాళ్లు. చేతులకు ఊపు కోసం ఒకరు డోలు కొట్టడం ఆనవాయితీ. యజమాని ఇక డోలు మోగకూడదన్నాడు. రొమేన్ అనే బానిస మానలేదు. అతణ్ని పట్టించి సేన్-పియేర్ జైల్లో పెట్టించారు. చుట్టుపక్కల తోటల వాళ్లంతా పని ఆపి ఊరి మీదికి వచ్చారు. పోలీసు వ్యవహారాలు చూస్తున్న పోరీ-పాపీ అనే మిశ్రమ జాతి లాయరు, జనాన్ని చూసి రొమేన్‌ను వదిలేయమన్నాడు. అక్కడితో సద్దుమణగాల్సిందే. కానీ తిరిగి వెళ్తున్న గుంపు మీద తుపాకులు పేలి మనుషులు చనిపోయారు. మే 22 రాత్రికి సేన్-పియేర్ రగిలిపోయింది. జనం మీదికి కాల్పులు జరిగిన సనోయ్ ఇంటికి నిప్పు పెడితే లోపల దాక్కున్న ముప్పై మందికి పైగా చనిపోయారు.

మర్నాడు, 1848 మే 23న, గవర్నర్ రొస్టొలాన్ ఆ క్షణం నుంచే బానిసత్వం రద్దని ప్రకటించాడు. అప్పటికి పారిస్ డిక్రీ దీవికి చేరనే లేదు. దాన్ని పట్టుకొచ్చిన కమిషనర్ పెరినోన్ జూన్ 3న ఓడ దిగేసరికి మార్టినిక్‌లో బానిస అన్నవాడే లేడు. పక్కదీవి గ్వాడలూప్ గవర్నరు కూడా భయపడి, డిక్రీ రాకముందే మే 27న అదే పని చేశాడు. హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవి రీయూనియన్‌లో మాత్రం కమిషనర్ సార్దా-గారిగా చేతుల మీదుగా, డిక్రీ ప్రకారం, పంట అయ్యాక డిసెంబర్ 20న ప్రశాంతంగా స్వేచ్ఛ వచ్చింది.

మరి మార్టినిక్‌ను విడిపించింది ఎవరు? రెండు పక్షాలూ పట్టుపట్టే ప్రశ్న ఇదే. నన్నడిగితే రెండూ నిజమే, కానీ సమానంగా కాదు. పారిస్‌లో గణతంత్రం రాకపోయి ఉంటే, రద్దు ఖాయమన్న సంగతి తెలియకపోయి ఉంటే, రొస్టొలాన్ సంతకం పెట్టేవాడు కాదు, సైన్యాన్ని దింపేవాడు. అంతకుముందు తిరుగుబాట్లన్నిట్లో అదే జరిగింది. ఇటు చూస్తే, ఆ రాత్రి జనం ఊరి మీదికి రాకపోతే రెండు నెలలు ఆగి, కోత కోసి, ఆనక కాగితం అందుకోవాల్సి వచ్చేది. చట్టం తలుపు దాకా వచ్చింది, దాన్ని తెరుచుకున్నది లోపలివాళ్లు. 1904లో నిలబెట్టిన పాలరాతిలో మాత్రం ఈ లోపలివాళ్లు లేరు.

పరిహారం ఎవరికి దక్కింది

డిక్రీలోని 5వ నిబంధన ఇంకా ఇబ్బందికరం. తోటల యజమానులకు ఎంత నష్టపరిహారం ఇవ్వాలో నేషనల్ అసెంబ్లీ తేలుస్తుందని అందులో రాశారు. 1849 ఏప్రిల్ 30 నాటి చట్టం ఆ లెక్క తేల్చింది. 60 లక్షల ఫ్రాంకులు నగదుగా, మరో 12 కోట్ల ఫ్రాంకులు ప్రభుత్వ బాండ్లుగా. అన్ని వలసల్లో కలిపి సుమారు రెండున్నర లక్షల మంది బానిసలకు కట్టిన ధర ఇది. ఆ సొమ్మంతా యజమానులకే వెళ్లింది. బానిసగా బతికినవాళ్లకు ఒక్క ఫ్రాంకు లేదు, ఒక్క సెంటు భూమి లేదు.

1851లో వలసల్లో బ్యాంకులు పెట్టినప్పుడు మూలధనానికి ఆ పరిహారంలోనే ఎనిమిదో వంతు పట్టి ఉంచారు. అంటే దీవి బ్యాంకుకు పునాది కూడా మనుషుల్ని లెక్కగట్టి ఇచ్చిన డబ్బే. భూమి, చెరుకు మిల్లు, అప్పు ఇచ్చే చోటు, మూడూ పాత చేతుల్లోనే ఉండిపోయాయి. మార్టినిక్‌లో ఆ పాత తెల్ల కుటుంబాల వారసుల్ని బెకేలంటారు. జనాభాలో వాళ్లు నూటికి ఒక్కరు. దిగుమతుల్లో, సూపర్‌మార్కెట్లలో, అరటి తోటల్లో ఇవాళ్టికీ వాళ్ల మాటే చెల్లుతుందన్నది దీవిలో అందరి నోటా వినపడే మాట.

దీనికి షెల్షేర్ ఒక్కణ్నే బాధ్యుణ్ని చేయడం అన్యాయం. ఆయన కమిషన్ నివేదికలోనే, దేశం ఈ పాపాన్ని ఇన్నాళ్లు సాగనిచ్చినందుకు పరిహారం బాకీ పడితే, దాని వల్ల లాభపడ్డవాళ్లకు ఎంత బాకీయో బాధపడ్డవాళ్లకూ అంతే బాకీ అన్న వాదన ఉంది. అసెంబ్లీ వినిపించుకోలేదు. కానీ అదే ఏప్రిల్ 27న వచ్చిన మిగతా డిక్రీల్లో, పని లేకుండా తిరిగేవాళ్లను ‘క్రమశిక్షణ శిబిరాల’కు పంపే ఏర్పాటూ ఉంది. విడుదలైనవాడు తోటకు రాకుండా తన మానాన బతుకుతాడేమోనన్న భయం విముక్తి కాగితాలు రాసినవాళ్లకీ ఉండేది. 1855లో మార్టినిక్ గవర్నర్ గెదోన్ దాన్ని ఇంకా బిగించాడు. పనివాడు పని పుస్తకం చూపించాలి, ఊరు దాటితే లోపలి పాస్‌పోర్ట్ చూపించాలి. అప్పటికి షెల్షేర్ దేశంలోనే లేడు. 1851 డిసెంబర్ కుట్రతో లూయీ నెపోలియన్ అధికారం చేజిక్కించుకున్నాక ఇంగ్లండ్‌కు ప్రవాసం వెళ్లి, 1870 దాకా తిరిగి రాలేదు.

పాలరాయి దక్కని బిసెత్

సిరీల్ బిసెత్ పేరు ఈ కథలో తప్పకుండా రావాలి. మార్టినిక్‌లో పుట్టిన మిశ్రమ జాతి వ్యాపారి. బానిసలు కాని నల్ల, మిశ్రమ జాతివాళ్లకు హక్కులు కావాలన్న ఒక కరపత్రం దగ్గర పెట్టుకున్నాడని 1824లో ఆయన ఒంటి మీద కాల్చిన ఇనుముతో ముద్ర వేసి, యావజ్జీవ కఠిన శిక్ష విధించారు. పై కోర్టులో ఆ శిక్ష రద్దయింది కానీ వలసల నుంచి బహిష్కరణ తప్పలేదు. పారిస్ చేరి 1834లో పత్రిక పెట్టాడు. షెల్షేర్ ఇంకా ‘మెల్లగా’ అంటున్న రోజుల్లోనే బిసెత్ ‘తక్షణం’ అన్నాడు.

మరి ఊళ్లకు ఆయన పేరు ఎందుకు లేదు? ఆయన తర్వాత తీసుకున్న దారి ఒక కారణం. ఇద్దరికీ పడేది కాదు, రాతల్లో ఘోరంగా తిట్టుకున్నారు. 1849 ఎన్నికల్లో బిసెత్ గతాన్ని మరిచిపోదాం అంటూ పెకూల్ అనే బెకే భూస్వామితో చేయి కలిపి మార్టినిక్‌లో గెలిచాడు. షెల్షేర్ గ్వాడలూప్ నుంచి గెలవాల్సి వచ్చింది. తర్వాత బిసెత్ లూయీ నెపోలియన్ పక్షం చేరాడు. గణతంత్రవాదులు రాసిన చరిత్రలో అలాంటివాడికి చోటు దొరకదు. నిఖార్సయిన వీరుడు కావాలంటే బిసెత్ పనికిరాడు. అయితే ఆయన జీవితం చూస్తే ఒక్కటి మాత్రం తెలుస్తుంది. బానిసత్వ వ్యతిరేక పోరాటాన్ని పారిస్ పెద్దమనుషులు మొదలుపెట్టలేదు. దీవిలోని నల్లవాళ్లు, మిశ్రమ జాతివాళ్లు వాళ్లకన్నా ముందే ఒంటి మీద వాతలు పెట్టించుకుని దాన్ని నడిపారు.

రాయి ఏం చెప్పింది

ఇక విగ్రహం దగ్గరికి వద్దాం. ఒకరిని గౌరవించాలంటే శిల్పికి రెండు దారులు. ఒకటి బస్ట్, అంటే తల, మెడ, భుజాల వరకే చెక్కిన పాలరాతి అర్ధవిగ్రహం. అందులో ఆ మనిషి ముఖం తప్ప ఇంకేం ఉండదు. ఎవరితోనూ సంబంధం చూపించదు, ఎవర్నీ చిన్నబుచ్చదు. రెండోది నిలువెత్తు బొమ్మల గుంపు. గుంపు పెట్టగానే కథ చెప్పాల్సి వస్తుంది. ఎవరు నిలబడాలి, ఎవరు కిందుండాలి, ఎవరు ఎవరివైపు చూడాలి అన్నవన్నీ శిల్పి తేల్చాలి.

ఫోర్-ద్-ఫ్రాన్స్ విగ్రహాన్ని ఫ్రెంచి శిల్పి అనతోల్ మార్కే ద్ వాసెలో చెక్కాడు. పొడుగు కోటు వేసుకున్న షెల్షేర్ ఒక నల్లజాతి చిన్నపిల్ల భుజం చుట్టూ చేయి వేసి, రెండో చేత్తో దారి చూపిస్తుంటాడు. ఆ పిల్ల దారివైపు చూడదు. తలెత్తి ఆయన ముఖంలోకి చూస్తూ ముద్దు విసురుతుంది. కాళ్ల దగ్గర తెగిన సంకెళ్లు. సేన్-పియేర్‌లో ఊరి మీదికి వచ్చింది పెద్దవాళ్లు, మచ్చుకత్తులతో చెరుకు నరికే ఆడా మగా. రాతిలో వాళ్లంతా కలిసి ఒక్క చిన్నపిల్ల అయిపోయారు. ఆ పిల్లకు చేతనైంది కృతజ్ఞత చూపడమే. ఫ్రెంచ్ గయానా రాజధాని కయెన్‌లో శిల్పి బారియా చేసిన కాంస్య విగ్రహంలోనూ ఇదే వరస. షెల్షేర్ పక్కన అర్ధనగ్నంగా ఉన్న నల్లజాతి యువకుడు, చేయి గుండె మీద.

ఇది వాళ్లు కనిపెట్టిన పద్ధతి కాదు. 1787లో ఇంగ్లండ్‌లో, ఇంకో పింగాణీ వ్యాపారి జోసయా వెడ్జ్‌వుడ్, బానిస వ్యాపారాన్ని వ్యతిరేకించేవాళ్ల కోసం ఒక చిన్న పతకం చేయించాడు. సంకెళ్లతో మోకరిల్లిన నల్లవాడు, నేనూ మనిషిని కానా, సోదరుణ్ని కానా అని అడుగుతుంటాడు. ఉద్యమానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది. ఆడవాళ్లు నగల్లో పొదిగించుకున్నారు. కానీ ఆ మోకాళ్లు అక్కడి నుంచి వందేళ్లపాటు లేవలేదు. 1876లో వాషింగ్టన్‌లో పెట్టిన లింకన్ విగ్రహంలోనూ విముక్తుడు లింకన్ కాళ్ల దగ్గరే వంగి ఉన్నాడు. ఆ విగ్రహానికి చందాలిచ్చింది చాలావరకు విడుదలైన బానిసలే, నమూనా ఎంచుకునే మాట మాత్రం వాళ్లకు లేదు. ఆవిష్కరణ సభలో ప్రసంగించిన, ఒకప్పుడు తానే బానిసగా బతికిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ కొద్ది రోజులకే పత్రికకు ఉత్తరం రాశాడు. మోకాళ్ల మీద కాకుండా తన కాళ్ల మీద నిలబడ్డ నల్లవాడి విగ్రహం చూడాలని ఉందన్నాడు.

అలా చెక్కిన శిల్పి అప్పటికే ఉంది. నల్లజాతి తండ్రికి, ఆదివాసీ తల్లికి పుట్టిన ఎడ్మోనియా లూయిస్ బోస్టన్‌లో బానిసత్వ వ్యతిరేక నాయకుల బస్టులు, పతకాలు చేసి అమ్మి, ఆ డబ్బుతో రోమ్ చేరింది. 1867లో ఆమె చెక్కిన పాలరాతి జంటలో నల్లవాడు నిటారుగా నిలబడి, తెగిన సంకెలున్న చేతిని పైకెత్తి ఉంటాడు. అందులో విడిపించిన తెల్లాయన అసలు లేడు. పక్కనున్న స్త్రీ మాత్రం మోకాళ్ల మీదే ఉంది, దాని మీద కళా విమర్శకులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కానీ 1904 నాటి మార్టినిక్ పెద్దలకు వేరే నమూనా దొరక్క అలా పెట్టారనడానికి వీల్లేదు.

ఇంకో సంగతి. 1902 మే 8న పెలే అగ్నిపర్వతం బద్దలై సేన్-పియేర్ పట్టణం మొత్తాన్ని, దాదాపు 30,000 మందితో సహా, నిమిషాల్లో బూడిద చేసింది. తిరుగుబాటు జరిగిన వీధులు, సనోయ్ ఇల్లున్న చోటు, ఆ తరం నోటి కథలు, అన్నీ పోయాయి. రెండేళ్లకు రాజధానిలో పాలరాయి లేచింది. ఎవరూ పన్నిన పన్నాగం కాదది, కానీ ఒక కథ చెప్పేవాళ్లు పోయిన వేళకే రెండో కథ రాయిగా నిలబడింది.

భక్తి, దాని మీద తిరుగుబాటు

1870లో మొదలైన ఫ్రెంచి మూడో గణతంత్రానికి షెల్షేర్ చాలా అక్కరకొచ్చాడు. ఒక పక్క ఆఫ్రికా, ఆసియాల్లో కొత్త వలసలు గెలుస్తూ, మరో పక్క మేము విముక్తి ఇచ్చేవాళ్లమని చెప్పుకోవడానికి ఆయన ముఖం పనికొచ్చింది. మార్టినిక్‌లో ఊరికి, బడికి, గ్రంథాలయానికి, వీధులకు ఆయన పేరే. ఈ భక్తికి ‘షెల్షేరిజం’ అని పేరు కూడా పడింది. 1949లో ఆయన అవశేషాల్ని పారిస్‌లో దేశ ప్రముఖుల సమాధులుండే పాంథియోన్‌కు తరలించారు. తండ్రి పక్కనే ఉండాలని కోరుకున్నందుకు తండ్రినీ తీసుకొచ్చి పెట్టారు.

ఇది పారిస్ ఒక్కటే రుద్దింది కాదు. దీవిలోని నల్లజాతి రాజకీయ నాయకులకు బెకేలను ఎదుర్కోవడానికి షెల్షేర్ పేరు ఆయుధం. కవి, ఫోర్-ద్-ఫ్రాన్స్ మేయర్ ఎమే సెజేర్ కూడా 1948లో పారిస్‌లోని సోర్బోన్ విశ్వవిద్యాలయంలో జరిగిన రద్దు శతాబ్ది సభలో ఆయన్ని పొగిడినవాడే. ఇక షెల్షేర్ పట్టణంలో కూలిన విగ్రహం చెక్కింది మార్టినిక్ మహిళా శిల్పి మరీ-తెరేజ్ జులియాన్ లుంగ్-ఫూ. అది పడ్డప్పుడు దీవిలో చాలామంది బాధపడింది ఇందుకే.

1960ల నుంచి ఆర్మాన్ నికొలా లాంటి స్థానిక చరిత్రకారులు మే 22 కథను పాత కాగితాల్లోంచి తవ్వి తీశారు. ఏ రోజు పండగ చేయాలన్న వాదన మొదలైంది. ఏప్రిల్ 27 అంటే డిక్రీ, షెల్షేర్, పారిస్. మే 22 అంటే రొమేన్, డోలు, సేన్-పియేర్. 1983లో చట్టం దీవుల్లో ఏ రోజు సెలవో తేల్చుకోనిచ్చినప్పుడు మార్టినిక్ మే 22నే ఎంచుకుంది. సెలవు మారింది, రాయి మాత్రం మారలేదు. 2020లో విగ్రహాలు కూలిన తేదీ ఏదో మళ్లీ చూడండి.

అదే ఫోర్-ద్-ఫ్రాన్స్‌లో ఇంకో పాలరాతి విగ్రహం ఉండేది. మొదటి నెపోలియన్ భార్య జోసెఫిన్‌ది, ఆమె పుట్టింది మార్టినిక్‌లోనే. 1802లో నెపోలియన్ బానిసత్వాన్ని తిరిగి చట్టబద్ధం చేశాడు. 1991లో ఎవరో ఆ విగ్రహం తల నరికేశారు. నగర పాలక సంస్థ కొత్త తల పెట్టించలేదు. ఇరవై తొమ్మిదేళ్లపాటు మొండెంగానే, ఎర్ర రంగు పూసుకుని నిలబడింది. ఆ విగ్రహం పక్కనే చరిత్ర చెప్పే బోర్డు పెట్టినా అంత బాగా చెప్పేది కాదేమో. 2020 జులైలో దాన్నీ కూల్చేశారు. జోసెఫిన్ పడితే బాధపడినవాళ్లు తక్కువ. షెల్షేర్ పడ్డప్పుడు ఇళ్లలోనే తాతలకూ మనవళ్లకూ మాటలు పెరిగాయి.

కూల్చినవాళ్ల కోపం ఒక్క 1848 మీదే అనుకోకూడదు. అరటి తోటల్లో పురుగుల కోసం 1972 నుంచి 1993 దాకా క్లోర్డెకోన్ అనే విషాన్ని చల్లారు. ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో 1990లోనే నిషేధించాక కూడా దీవులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఇవాళ మార్టినిక్, గ్వాడలూప్‌లలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా రక్తంలో దాని జాడ ఉంది. భూమి ఎవరిది, విషం ఎవరు చల్లించారు, జబ్బు ఎవరికి వచ్చింది అని అడగడం మొదలుపెడితే సంగతి 1849 పరిహారం దగ్గరికే వెళ్తుంది. అందుకే విగ్రహాలు కూలిన రోజుల్లో బెకేల సూపర్‌మార్కెట్ల ముందు ధర్నా చేసిన కుర్రాళ్లే విగ్రహాల దగ్గరా కనిపించారు.

వాళ్లు చేసింది నాకు పూర్తిగా నచ్చలేదు. షెల్షేర్‌ను పక్కకు జరిపి, రొమేన్‌నూ సేన్-పియేర్ జనాన్నీ ఆ పీఠం ఎక్కించి ఉంటే ఎక్కువ పదును ఉండేది. కానీ ఎన్నేళ్లు అడిగినా ఎవరూ జరపనప్పుడు పదును గురించి పాఠం చెప్పడం దూరాన కూర్చున్న మనకు తేలికే.

యానాం నుంచి ఒక తోక

1848 తర్వాత చెరుకు నరికే చేతులు తగ్గాయి. ఆ ఖాళీ పూడ్చడానికి యజమానులు మన తీరం వైపు చూశారు. దారి అంతకుముందే పడి ఉంది. 1828లో యానాం నుంచి 15 మంది తెలుగు కూలీలను ఇప్పటి రీయూనియన్ దీవికి తీసుకెళ్లారు, తెలింగాలని వాళ్ల పేరు రాసుకున్నారు. 1853 మేలో ఒరేలీ అనే ఓడ పుదుచ్చేరి వైపు నుంచి బయల్దేరిన తొలి ఒప్పంద కూలీలతో మార్టినిక్ చేరింది. దిగింది ఎక్కడనుకుంటున్నారు, అదే సేన్-పియేర్‌లో. తర్వాతి ముప్పై, ముప్పై అయిదేళ్లలో మార్టినిక్‌కు సుమారు 25,000 మంది, గ్వాడలూప్‌కు సుమారు 42,000 మంది వెళ్లారు. ఎక్కువమంది తమిళులు. అక్కడి మారియమ్మ గుళ్లు ఇవాళ్టికీ ఉన్నాయి.

ముసలి సెనేటరుగా షెల్షేర్ ఈ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించాడు. పారిపోయిన కూలీని పట్టి జైల్లో వేయడం, కూలి ఎగ్గొట్టడం, కొట్టడం ఏకరువు పెట్టి, పాత బానిసత్వమే వేరే పేరుతో తిరిగొచ్చిందన్నాడు. కూలీలను తెచ్చే ఖర్చులో కొంత ప్రజల పన్నుల నుంచి పోతోందని, విముక్తుల కూలి రేట్లు పడగొట్టడానికి విముక్తుల డబ్బే వాడుతున్నారని ఎత్తిచూపాడు. మార్టినిక్ 1884లో ఈ దిగుమతి ఆపింది. ఆయన మీద కోపం ఉన్నవాళ్లు సైతం కాదనలేని పని ఇది. ఏ విగ్రహం మీదా చెక్కలేదు కూడా.

అయితే 1848 డిక్రీ బానిసల్ని పౌరుల్ని చేసింది కానీ, తర్వాత ఓడల్లో వచ్చిన భారతీయులు దాని కిందికి రాలేదు. వాళ్ల పిల్లలు దీవిలోనే పుట్టినా బ్రిటిష్ ప్రజలేనన్నారు, ఓటు లేదన్నారు. ఫోర్-ద్-ఫ్రాన్స్‌లో షెల్షేర్ పాలరాయి నిలబడిన 1904లోనే, గ్వాడలూప్‌లో ఆన్రీ సిదంబరం అనే భారతీయ సంతతి మనిషి ఓటర్ల జాబితాలో తనవాళ్ల పేర్లు చేర్చాలని కోర్టుకెక్కాడు. ఆ వ్యాజ్యం తెమిలి, వాళ్లు ఫ్రెంచి పౌరులేనని ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1923 అయింది.